దగ్గు మరచిన ఊపిరితిత్తులు

మార్కాపురము, బేస్తవారిపేట, కంభము, గిద్దలూరు ప్రాంతముల వేసవి నెరిగినవారికి చెమటను గూర్చి క్రొత్తగా చెప్పవలసినది లేదు. నల్లమల యంచున ఎండలు ముదిరిన నాటినుండి మృగశిర కార్తె వచ్చువఱకు, పలకల గనులలో రాయి చీల్చువారి చొక్కాల వీపునను, మిరపతోటలలో పనిచేయువారి తలగుడ్డల యంచునను మధ్యాహ్నమగునప్పటికి తెల్లని ఉప్పుచాఱ కట్టుట ఇచ్చట దినదినము కనబడునదే. ఇట్లు అందఱి మేనను ఉప్పు పేరుకొను చోట, ఒక పసివాని మేనినుండి తక్కిన బిడ్డలకంటె మూడు నాలుగు రెట్లు ఉప్పు చెమటతోబాటు వెడలిపోవుచున్నదని ఏ తల్లి అనుమానింపగలదు? ఆ బిడ్డ ఎంత తినినను ఒంటికి పట్టకపోవుట, విరేచనము జిడ్డుగా దుర్గంధముతో వెడలుట, దగ్గు, జ్వరము, న్యుమోనియా తగ్గినట్లే తగ్గి మరల మరల తిరుగబెట్టుట చూచి, ఒకరు ఉబ్బసమందురు. ఒకరు పాలు పడలేదందురు. మఱియొకరు క్షయయని తలచి ఆఱు నెలలు మందు మ్రింగింతురు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అను పేరు ఆ యింటివారి చెవిని పడునప్పటికి, అసలు పడుట తటస్థించినచో, ఊపిరితిత్తులు సగము చెడియుండును.

ఈ వ్యాధి తెల్లజాతులవారిదే యను నమ్మకము మన వైద్యులలో సైతము చిరకాలము పాతుకొనియుండెను. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన పిల్లల వైద్యులు వరుసగా రోగులను గుర్తించి ప్రకటించిన పిమ్మటగాని ఆ నమ్మకము సడలలేదు. విదేశములకు వలసపోయిన భారతీయ కుటుంబములను లెక్కించిన పరిశోధకులలో, బ్రిటనులోనివారు సుమారు పది పండ్రెండు వేల జననముల కొకటి యనియు, అమెరికాలోనివారు సుమారు నలుబది వేల జననముల కొకటి యనియు అంచనా వేసిరి. రెంటిలో ఏది నిజమునకు దగ్గఱయైనను, మనవంటి జనబాహుళ్యము గల దేశమున ఆ సంఖ్య స్వల్పము కాదు; గుర్తింపబడనివారు గుర్తింపబడినవారికంటె అధికులని నా దృఢవిశ్వాసము.

రోగమూలము మిక్కిలి చిన్నది. మన ఏడవ క్రోమోజోముపై నున్న ఒక జన్యువు, 1480 అమైనో ఆమ్లముల గొలుసైన ఒక ప్రోటీనును నిర్మింపజేయును. సీఎఫ్‌టీఆర్ అని సంక్షేపముగా వ్యవహరింపబడు ఆ ప్రోటీను కణముల పైపొరలో నిలిచి క్లోరైడు అయానులకు ద్వారమై యుండును. ప్రపంచమున మిక్కిలిగా కానవచ్చు దోషమున ఆ గొలుసులో 508వ స్థానమందలి ఒకే ఒక అమైనో ఆమ్లము, ఫినైల్ అలనిన్ అనునది, లోపించును. అంతమాత్రముననే ప్రోటీను సరిగా ముడుచుకొనజాలక, కణము తన లోపలనే దానిని పనికిమాలినదిగా నెంచి విఱిచివేయును. ఈ జన్యువును 1989లో లాప్‌చీ సూయి, ఫ్రాన్సిస్ కాలిన్స్, జాన్ రియోర్డన్ అను శాస్త్రజ్ఞుల బృందములు కనుగొన్నవి.

కాని అంతకు పూర్వమే చెమట ఈ రహస్యమును చాలవఱకు వెల్లడిచేసియుండెను. వ్యాధిని 1938లో స్పష్టముగా వర్ణించినవారు న్యూయార్కు వైద్యురాలు డొరతీ ఆండర్సన్. 1948 వేసవిలో ఆ నగరమున వడగాడ్పులు వీచినపుడు, వడదెబ్బ తగిలి ఆసుపత్రికి వచ్చిన పిల్లలలో ఈ రోగులు అనుపాతమునకు మించి యుండుట చూచి అచ్చటి వైద్యులు ఆశ్చర్యపడిరి. ఆ ఆశ్చర్యమునే వెంబడించి పాల్ ది సాంత్ ఆగ్నీజ్ అను వైద్యుడు వీరి చెమటలో ఉప్పు అధికముగా నున్నదని 1953లో నిరూపించెను. నేటికిని నిర్ధారణ కదియే ఆధారము: చెమటలో క్లోరైడు లీటరునకు 60 మిల్లీమోలులు గాని అంతకు మించి గాని యున్నచో వ్యాధి యున్నట్లు, 30కి లోబడినచో లేనట్లే. ఉప్పెందుకు మిగులుచున్నదో తేల్చినవాడు పాల్ క్వింటన్. ఆయన స్వయముగా ఈ రోగి. తన చర్మమునుండియే స్వేదగ్రంథులను తీయించుకొని పరీక్షించి, ఆ నాళములగుండ క్లోరైడు ప్రవేశింపజాలకున్నదని 1983లో ప్రకటించెను. తన శరీరమును బాధించు దోషమును తన శరీరముననే వెదకి పట్టిన ఆ మనీషికి వైద్యలోకము ఎంతయు ఋణపడియున్నది.

ఇచ్చట ఒక సూక్ష్మము గమనింపదగినది. స్వేదనాళమున ఈ ద్వారము ఉప్పును చెమటనుండి వెనుకకు లాగుకొనును. కాబట్టి అది మూతపడినచో ఉప్పు పైకి పోవును. ఊపిరితిత్తులలో దాని పని అందులకు విరుద్ధము: అచ్చట అది క్లోరైడును నాళముల లోనికి విడుచుచు, దానివెంట నీటిని రప్పించి, శ్వాసనాళముల లోపలి గోడను పలుచని తడిపొరతో కప్పియుంచును. ఆ పొరలో శైలికలను సూక్ష్మకేశములు అహోరాత్రములు సెకనునకు పదిమార్లకు పైగా ఊగుచు, మనము పీల్చిన ధూళిని, క్రిములను, శ్లేష్మముతోసహా గొంతువైపునకు నెట్టుచుండును. దినమునకు సుమారు పదివేల లీటర్ల గాలి లోనికి పోవుచున్నను ఊపిరితిత్తులు శుభ్రముగా నుండుట వీనివలననే. ద్వారము మూతపడి తడి ఆఱినచో శ్లేష్మము జిగురై శైలికల నణచివేయును. నిలిచిన శ్లేష్మమున సూడోమోనాస్ వంటి బాక్టీరియా కాపురము పెట్టును. వానిపై దండెత్తిన తెల్లకణములు చనిపోయి మఱింత చిక్కదనము కల్పించును. నాళములు వెడల్పై, గోడలు చెడి, తుదకు వాయుకోశములు గాలికి పనికిరాకుండ పోవును. క్లోమమునుండి జీర్ణరసము ప్రేగునకు చేరకుండుటయు ఈ జిగురు కారణముననే. ఇరువదియేండ్లైన నిండని యువకుడు ప్రాణవాయువు గొట్టము ముక్కున పెట్టుకొని మంచమునుండి వాకిలివఱకు నడువలేని దశ వచ్చినపుడు, వైద్యులు చివరి యుపాయముగా ఊపిరితిత్తుల మార్పిడిని సూచింతురు.

ఈ శస్త్రచికిత్స చరిత్ర తక్కిన అవయవముల చరిత్రవలె సాఫీగా నడచినది కాదు. 1963 జూన్ 11న అమెరికాలోని మిసిసిపి రాష్ట్రమున జేమ్స్ హార్డీ తొలి మార్పిడి గావించెను. రోగి పదునెనిమిది దినములు జీవించెను. తరువాతి ఇరువది సంవత్సరములలో ప్రపంచమున జరిగిన ప్రయత్నము లన్నియు ఇంచుమించు విఫలములే. కారణము విచిత్రమైనది. మూత్రపిండమునో గుండెనో మార్చునపుడు దాని రక్తనాళములను క్రొత్త దేహమున అతికింతురు. ఊపిరితిత్తి విషయమున గుండెనుండి వచ్చు పెద్ద నాళములను మాత్రమే అతికింతురుగాని, శ్వాసనాళికల గోడలకు నెత్తురందించు సన్నని ధమనులను సామాన్యముగా కలుపరు. అందువలన గొట్టమును గొట్టమునకు కుట్టిన చోట రక్తము చాలక కండ కుళ్లి కుట్లు విడివడెడివి. టొరంటో నగరమున జోయెల్ కూపర్ అను శస్త్రవైద్యుడు జంతువులపై పరీక్షించి, పరుని అవయవమును దేహము త్రోసివేయు తిరస్కరణను అణచుటకై నాడు మిక్కుటముగా వాడుచుండిన స్టెరాయిడులే ఆ కుట్టు మానకుండుటకు ముఖ్యకారణమని తెలిసికొని, ప్రేగులపై కప్పియుండు కొవ్వుతెరను పైకి తెచ్చి కుట్టుచుట్టు చుట్టుటయు, స్టెరాయిడు తగ్గించి సైక్లోస్పోరిన్ అను క్రొత్త మందు వాడుటయు ఆరంభించెను. 1983 నవంబరులో ఆయన చేతిలో ఒక ఊపిరితిత్తిని పొందిన రోగి ఆఱేండ్లకు పైగా బ్రదికెను. 1986లో అచ్చటనే రెండు ఊపిరితిత్తుల మార్పిడియు సఫలమయ్యెను. సైక్లోస్పోరిన్ నార్వే దేశపు పీఠభూమినుండి తెచ్చిన మట్టిలోని బూజునుండి లభించినది. నేడు దాని స్థానము నాక్రమించిన టాక్రోలిమస్ 1984లో జపానులోని సుకుబా కొండప్రాంతపు మట్టిలోని సూక్ష్మజీవినుండి లభించినది. పరుని అవయవమును మనిషి భరింపగలుగుట మట్టి పెట్టిన భిక్షయే.

సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగికి ఒక్క ఊపిరితిత్తి చాలదు. పాతదొకటి లోపల మిగిలినచో దాని చీము క్రొత్తదానిలోనికి దిగును గనుక రెండింటిని మార్చవలసినదే. మన దేశమున అవయవదానము 1994 నాటి చట్టమున కధీనము. జీవన్మృతి చెందినట్లు నలుగురు వైద్యుల మండలి కనీసము ఆఱు గంటల వ్యవధిలో రెండుమార్లు పరీక్షించి ధ్రువపఱచినపిమ్మట, ఆప్తులు సమ్మతించినచోనే అవయవములు తీయుదురు. తెలుగు రాష్ట్రములలో జీవన్‌దాన్ పథకము వరుసక్రమమును నిర్ణయించును. రక్తవర్గము కలియుటయేగాక దాత ఛాతీ గ్రహీత ఛాతీకి సరిపోవు కొలతలో నుండవలెను. తీసిన ఊపిరితిత్తులు చల్లని ద్రవమున ఆఱు ఎనిమిది గంటలకు మించి నిలువవని చిరకాలానుభవము. 2020 సెప్టెంబరులో హైదరాబాదు కిమ్స్ ఆసుపత్రియందు డాక్టర్ సందీప్ అత్తావర్ బృందము, సార్కాయిడోసిస్ వలన ఊపిరితిత్తులు బిగిసిపోయి, ఆపైన కోవిడ్ సోకిన చండీగఢ్ యువకునికి, కోల్‌కతాలో జీవన్మృతి చెందిన దాత ఊపిరితిత్తులను విమానమున తెప్పించి అమర్చినది. ఆ రోగము వేఱైనను, కోలుకొను మార్గము ఒక్కటే. దేశమున మూడు కొనల నుండి వచ్చిన మనుష్యులు, విమానములు, గంటలు ఒక్క ఊపిరికై ఏకమగుట మన హైదరాబాదుననే జరిగినదని తెలియుట ఈ పల్లెసీమలవారికి కొంత ధైర్యము నిచ్చును.

ఇక కోలుకొనుటను గూర్చి. మన బేస్తవారిపేట యువకుడొకనికి ఈ చికిత్స జరిగినదని భావింతము. రొమ్మునకు అడ్డముగా ఒక చంకనుండి మఱొక చంకవఱకు కోసి, రొమ్ముటెముకను విడదీసి, ఒకదాని తరువాత ఒకటిగా రెండు ఊపిరితిత్తులను మార్చియుందురు. తొలి మూడు దినములు మిక్కిలి గండము. క్రొత్త ఊపిరితిత్తులకు రక్తము పునఃప్రసరించునపుడు కలుగు గాయము వలన వానిలో నీరూరును. ఆ నీటిని తీసికొనిపోవు రసనాళములు శస్త్రముచే తెగియుండును. కావున ఒంటిలో నీరు ఎక్కువ కాకుండ బొట్టుబొట్టుగా లెక్కించి యిత్తురు. అయినను వెంటిలేటరు తీసిన మఱునాడే, ఛాతీకి ఇరుప్రక్కల గొట్టములు వ్రేలాడుచుండగనే, ఫిజియోథెరపీ చేయించువారు వచ్చి "లే నాయనా, కుర్చీలో కూర్చో" అని లేపుదురు. కోత నొప్పికి భయపడి నిండుగా ఊపిరి తీయనివాని వాయుకోశములు అడుగున ముడుచుకొనిపోయి, అచ్చటనే చీము పట్టును గనుక ఆ లేపుటలో కాఠిన్యము లేదు.

ఈ రోగి యొక్క స్థితిలో నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది దగ్గు. ఊపిరి తీయుమని ఆజ్ఞాపించునది మెదడు క్రిందిభాగము. ఆజ్ఞను గొనిపోవునది ఉదరవితానమునకు పోవు నరము. శస్త్రవైద్యుడు దానిని జాగ్రత్తగా కాపాడును. కాబట్టి శ్వాస యెప్పటివలె తనంత తాను నడచును. కాని ఊపిరితిత్తుల లోపలినుండి మెదడునకు వార్త గొనిపోవు నరపు శాఖలు అవయవముతోబాటు తెగిపోయినవి. కుట్టునకు దిగువను శ్లేష్మము చేరినను, నీటిచుక్క జారినను, ఆ వార్త పైకి చేరదు, గొంతు గరగరలాడదు, దగ్గు రాదు. పైగా కుట్టు పడిన చోట శైలికల వరుస తెగి, క్రిందినుండి ఎక్కివచ్చిన శ్లేష్మము అచ్చట ఆగును. బాల్యము మొదలు దగ్గి దగ్గి రాత్రులు నిద్రలేక గడపినవాడు ఇప్పుడు, దగ్గవలెనని తోచకున్నను, గడియారము చూచుకొని దగ్గవలెను. గాఢముగా ఊపిరి తీసి, క్షణమాగి, కడుపు బిగించి, గుండెపై దిండు నదుముకొని, తన సంకల్పముతో దగ్గు తెచ్చుకొనవలెను. మన కెఱుక లేకుండ దేహము తనంత తాను నిర్వహించు కాపలా ఆతని విషయమున తెలివితో, శ్రద్ధతో, ఆజన్మాంతము చేయవలసిన పనిగా మాఱినది. తక్కిన జాగ్రత్తలన్నియు ఇందునుండియే పుట్టుచున్నవి.

రోగనిరోధకశక్తి విషయమును అట్టిదే. దేహము పరుని కణములను గుర్తించి చంపుట సహజధర్మము; టాక్రోలిమస్, మైకోఫెనొలేట్, ప్రెడ్నిసొలోన్ అను మూడు మందులు ఆ ధర్మమును అణచియుంచును. అణచుట తక్కువైనచో తిరస్కరణ, ఎక్కువైనచో అంటురోగములు, మూత్రపిండములకు హాని. నడుమ నున్న దారి మిక్కిలి యిఱుకైనది. టాక్రోలిమస్ పండ్రెండు గంటల కొకమారు తప్పక వేసికొనవలెను; రక్తములో దాని మట్టమును, మాత్ర వేసికొనుటకు పూర్వమే, కొలువవలెను. పరీక్ష దినమున ఉదయపు మాత్రను కాగితమున మడిచి చొక్కాజేబులో పెట్టుకొని ల్యాబునకు పోయి, నెత్తురిచ్చిన తరువాతనే అచ్చటి కుళాయి నీటితో గాక ఇంటినుండి తెచ్చుకొన్న సీసా నీటితో దానిని మ్రింగుట నేర్చినవాడు సగము కోలుకొన్నవాడే. మొదటి మాసములలో మిల్లీలీటరు రక్తమున పది మొదలు పదునైదు నానోగ్రాములవఱకు ఉండునట్లు పెక్కు కేంద్రములు చూచును. పంపరపనస తినినచో ఈ మట్టము పెరుగును. ఊరి ఆర్.ఎం.పి. డాక్టరు జ్వరమునకు, నొప్పికి అలవాటుగా వేయు డైక్లోఫెనాక్ సూదిమందు ఈ మందుతో కలిసి మూత్రపిండములను దెబ్బతీయును. ఎరిత్రోమైసిన్, ఫ్లూకొనజోల్ వంటివి మట్టమును పైకి నెట్టును. క్షయకిచ్చు రిఫాంపిసిన్ దానిని పాతాళమునకు దింపును. కావున ఇంటివారు, "అన్నా, వీడికి ఆసుపత్రివాళ్లను అడక్కుండా ఏ సూదీ వెయ్యొద్దు" అని ఆ డాక్టరుతో ముందుగానే, మొగమాటము లేకుండ చెప్పియుంచుట ఉత్తమము.

ఇచ్చటనే చెమట మాట మరల వచ్చును. క్రొత్త ఊపిరితిత్తుల కణములలో దాత యొక్క జన్యువులే యుండును. వానియందు సీఎఫ్‌టీఆర్ ద్వారము చక్కగా తెఱచుకొనును. ఆ ఊపిరితిత్తులకు సిస్టిక్ ఫైబ్రోసిస్ ఎన్నటికిని రాదు. కాని ముక్కుప్రక్క గదులు, క్లోమము, ప్రేగులు, స్వేదగ్రంథులు ఆతనివే. ముక్కుగదులలో దాగిన సూడోమోనాస్ క్రిందికి దిగి క్రొత్త ఊపిరితిత్తుల నాశ్రయింపవచ్చును. కనుక ఉప్పునీటితో ముక్కు కడుగుట మానరాదు. భోజనముతో క్లోమరసపు గుళికలు మ్రింగనిచో కొవ్వు జీర్ణింపదు. కొవ్వు జీర్ణింపనిచో మందు రక్తమునకు చేరుటయు తిన్నగా నుండదు. చక్కెరవ్యాధి వచ్చుటయు సామాన్యమే. మే మాసపు ఎండలో ఆతని చెమట ఎప్పటివలెనే ఉప్పును హరించుచుండును. ఒంటిలో నీరు, ఉప్పు తగ్గినపుడు మూత్రపిండములకు రక్తము తగ్గును. టాక్రోలిమస్ ఆ మూత్రపిండములనే బాధించు మందు. చలిదేశపు వైద్యగ్రంథములలో నొక పంక్తితో సరిపోవు ఈ విషయము మన సీమలో ప్రాణావశ్యకము. ఉప్పు వేసిన గంజి, వైద్యుడు చెప్పిన మోతాదున ఉప్పు మాత్రలు, దాహము కాకమునుపే నీరు, ఎండవేళ నీడపట్టు—ఇవి ఆతనికి మందులతో సమానము.

నీటి విషయమున ఇంకొక చిక్కు గలదు. మన ప్రాంతమున బోరునీటిలో ఫ్లోరైడు ఎక్కువ యని, దానివలన పండ్లు గారపట్టుటయు ఎముకలు వంగుటయు జరుగునని ఇచ్చటివారికి చెప్పనక్కఱలేదు. మార్పిడి చేయించుకొన్నవారు నీరు కాచి త్రాగవలెనని ఆసుపత్రిలో బోధింతురు; కాచుటచే క్రిములు చచ్చునుగాని ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరియైన కొలది మఱింత చిక్కబడును. శుద్ధజల ప్లాంటు క్యాను తెచ్చి, ఆ నీటిని మరల కాచుటయే దారి. ఊపిరితిత్తుల గ్రహీతలకు ఆస్పర్‌జిల్లస్ బూజు పట్టకుండ కొన్నిచోట్ల నెలల తరబడి ఇచ్చు వొరికొనజోల్ అను మందులో ఫ్లోరిన్ పరమాణువులు గలవు; దీర్ఘకాలము వాడినచో రక్తమున ఫ్లోరైడు పెరిగి, ఎముకలపై పొర వాచి నొప్పి పుట్టుట వైద్యులు గుర్తించినారు. మన ప్రాంతపు రోగికి ఆ మందు వ్రాయునపుడు, "నీవు ఏ నీరు త్రాగుచున్నావు?" అని వైద్యు డడుగుట యుక్తము, అడుగనిచో రోగియే చెప్పుట యుక్తతరము.

ఆస్పర్‌జిల్లస్ ఎచ్చటనో యుండునది కాదు. తడిసిన వరిగడ్డి వామిలో, పెంటదిబ్బలో, కోళ్ల గూటిలో, పాతగోడ పడగొట్టినపుడు లేచు దుమ్ములో దాని బీజములుండును. రోగనిరోధకశక్తి గలవాడు వానిని పీల్చి మరచిపోవును. ఈతడు పీల్చినచో రోగమగును. పలకలరాయి కోయునపుడు లేచు ధూళి సంగతి వేఱుగ చెప్పవలెనా? మంచి ఊపిరితిత్తులనే అది సిలికోసిస్‌తో బిగించును. పలకల పనిమీద బ్రదుకు కుటుంబమున పుట్టినవాడైనచో ఆ పని విడిచి, గడ్డివాము త్రొక్కుట విడిచి, బజారుకొట్టో గుమాస్తాపనో చదువు చెప్పుటయో చూచుకొనవలెను. ఇంట వేఱుగది లేకున్నను, గాలి వచ్చు మూల ఆతని మంచము, దూరముగా పొయ్యి, వాకిట మాస్కు, సబ్బునీరు—ఇంతమాత్రము పేదయింటను సాధ్యమే. బంధువులు చూడవచ్చినపుడు జలుబు గలవారిని గడపదగ్గఱనే ఆపుట మన మర్యాదకు విరుద్ధమని తోచును. కాని ఆ మర్యాద ఆతని ప్రాణముకంటె పెద్దది కాదు.

ఇంటికి వచ్చినపిమ్మట ఉదయమున ఆతని మొదటి పని, అరచేత పట్టునంత స్పైరోమీటరులో శక్తికొలది ఊది, తొలి సెకనున వెలువడిన గాలి యెంతో చూచి నోటుపుస్తకమున వ్రాసికొనుట. నిలుకడగా 3.20 లీటర్లు వచ్చుచున్న చోట రెండు దినములు వరుసగా 2.85 వచ్చినదనుకొనుడు: ఆయాసము లేదు, జ్వరము లేదు, ఒంట్లో కులాసాగానే యున్నది. నొప్పి, దగ్గు చెప్పని వార్తను ఆ అంకె చెప్పుచున్నది. పదింట ఒక వంతు తగ్గినదనగా ఆ దినమే ఆసుపత్రికి ఫోను చేయవలెను. వారు పిలిపించి, బ్రాంకోస్కోపు గొట్టమును దింపి, ఊపిరితిత్తినుండి చిన్న తునకలు తీసి, అది తిరస్కరణయో అంటురోగమో సూక్ష్మదర్శినితో తేల్తురు. రెంటికి చికిత్సలు పరస్పర విరుద్ధములు గనుక ఊహతో మందు వాడరాదు. మొదటి మూడు మాసములు ఆసుపత్రికి దగ్గఱగా గది అద్దెకు తీసికొని యుండుడని కేంద్రములు కోరుటకు హేతు విదియే. తరువాతనైనను, మార్కాపురము రోడ్డు స్టేషనుకో రాత్రి బస్సునకో పోవుటకు సంచి సర్ది యుంచుట మంచిది.

ఆయువు మాట దాచుట సరికాదు. అంతర్జాతీయ నమోదుల ప్రకారము ఊపిరితిత్తులు మార్చుకొన్న వయోజనులలో సగముమంది ఆఱేడు సంవత్సరములకు పైగా బ్రదుకుచున్నారు. సిస్టిక్ ఫైబ్రోసిస్ వారు వయస్సున చిన్నవారగుటచే వారిలో సగముమందికి ఆ కాలము ఇంచుమించు పది సంవత్సరములు. మూత్రపిండముతో పోల్చినచో ఇది తక్కువే. సన్నని శ్వాసనాళికలు క్రమక్రమముగా మచ్చకట్టి మూసికొనిపోవు దీర్ఘకాలిక తిరస్కరణయే దీనికి ముఖ్యకారణము. దానికి నేటికిని తిరుగులేని మందు లేదు. ఇరువదియేండ్లు దాటి బ్రదికినవారును గలరు. 2019లో అమెరికాలో అనుమతింపబడిన మూడు మందుల కలయిక, సరిగా ముడుచుకొనని సీఎఫ్‌టీఆర్ ప్రోటీనును సరిచేసి ద్వారమును తెఱపించుచుండుటచే, అది లభించు దేశములలో ఈ వ్యాధికై మార్పిడి చేయించుకొనువారి సంఖ్య మిక్కిలి తగ్గినది. దాని ప్రకటిత వెల తొలినాట ఏడాదికి మూడు లక్షల డాలర్లకు పైబడియుండెను. ఊపిరితిత్తులను కోసి తీయవలసిన అవసరమే తప్పింపగల మందు ఉండియు, వెల కారణముగా మన బిడ్డలకు అందకుండుట నాకు సహింపరాని విషయము.

ఊరిలో మొదట అడుగునది వేఱొక ప్రశ్న: "పెళ్లి చెయ్యొచ్చునా?" చేయవచ్చును, కాని ముందు తెలిసికొనవలసినవి రెండు. ఈ వ్యాధి గల పురుషులలో నూటికి తొంబదియైదుగురికి పైగా వీర్యవాహిక పుట్టుకతోనే లేకుండును. వీర్యకణములు తయారగుచునే యుండును గనుక, వానిని వైద్యులు సూదితో తీసి సంతానము కల్పింపగలరు. రెండవది వధువు విషయము. ఆతని రెండు జన్యుప్రతులును చెడినవే. వధువు రెండు ప్రతులును మంచివైనచో బిడ్డలందఱును ఒక్క చెడుప్రతి గల వాహకులగుదురుగాని ఎవరికిని వ్యాధి రాదు. ఆమె వాహకురాలైనచో ప్రతి బిడ్డకును రెండింట ఒక వంతు అవకాశమున వ్యాధి వచ్చును. ఇక మేనరికము. రోగి తల్లి తప్పక వాహకురాలు. ఆమె తోడబుట్టిన మేనమామ వాహకుడగుటకు సగము, ఆయన కూతురు వాహకురాలగుటకు నాల్గవ వంతు అవకాశము గలదు. ఆమెను చేసికొన్నచో పుట్టు ప్రతి బిడ్డకును ఎనిమిదింట ఒక వంతు ప్రమాదము. మేనత్త కూతురి లెక్కయు ఇదియే. వ్యాధి లేని అక్క వాహకురాలగుటకు మూడింట రెండు వంతులు, ఆమె కూతురికి మూడింట ఒక వంతు. ఆ పెండ్లిలో ప్రమాదము ఆఱింట ఒకటి. రక్తపరీక్షచే జన్యువును చూచు సదుపాయము హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ వంటి సంస్థలలో గలదు. లగ్నము పెట్టించుటకు ముందు ఆ పరీక్ష చేయించవలెను. యువకునికి మాత్రమే గాదు, ఆతని అక్కచెల్లెండ్రకు, అన్నదమ్ములకు, మేనమామ పిల్లలకు గూడ.